బ్రేక్ పట్టడం లేదంటే, ఏది పట్టడం లేదు?

పోయిన కార్తీకంలో ఒడిశాలోని సిమిలిగుడ నుంచి సాలూరుకి బైక్ మీద బయల్దేరాం, మా అక్క మనవరాలి అన్నప్రాసనకి. వెనక మా ఆవిడ, ట్యాంకు మీద అడ్డంగా ఇరవై కిలోల కాలాజీరా బియ్యం బస్తా. పొట్టంగి దాటే వరకు అంతా బాగానే ఉంది. సుంకి ఘాట్ సగం దిగాక ఒక మలుపు ముందు వెనక బ్రేక్ తొక్కితే పెడల్ ఏ అడ్డూ లేకుండా కిందికి దిగిపోయింది. బండి వేగం మాత్రం తగ్గలేదు. మళ్లీ తొక్కాను, మళ్లీ అంతే. గేరు మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దించి, ముందు బ్రేకును రెండు వేళ్లతో కొంచెం కొంచెంగా పట్టుకుంటూ ఎడమ పక్క కొండ గోడ వారగా ఆపాను. మా ఆవిడ దిగి, బస్తా వైపు చూసి, "ఈ బియ్యం వల్లేనంటారా?" అంది.

బియ్యం వల్ల కాదు. అయితే బియ్యానికీ కాస్త వాటా ఉందని తర్వాత తెలిసింది.

అసలు కడుపు మండిందెక్కడంటే, నాలుగు రోజుల ముందే బండి మెకానిక్‌కి చూపించాను. "వెనక బ్రేక్ పట్టడం లేదు" అన్నాను. అతను వంగి, చక్రం దగ్గరున్న నట్టు నాలుగు చుట్లు తిప్పి, "అయిపోయింది సార్" అన్నాడు. ఇరవై రూపాయలిచ్చి వచ్చేశాను. తప్పంతా అతని మీదకి తోసెయ్యలేను. నేను చెప్పిన మాటకి సరిపడా వైద్యమే చేశాడు.

మనం "బ్రేక్ పట్టడం లేదు" అంటాం. ఇక్కడ ఒడియా వాళ్లు "బ్రేక్ ధరునాహిం" అంటారు. రెండు భాషల్లోనూ అదే మాట, పట్టుకోవడం. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు రకాల జబ్బులు దాక్కుంటాయి. పెడల్ ఖాళీగా అడుగుదాకా పోవడం ఒకటి. పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు, అది వేరు. తొక్కితే స్పాంజి మీద కాలేసినట్టు మెత్తగా దిగడం ఇంకోటి. ఊళ్లో బాగానే ఉండి, ఘాట్‌లో పోయి, టీ తాగి వచ్చేసరికి మళ్లీ బాగైపోవడం నాలుగోది. ఈ నాలుగింటికీ కారణాలు వేరు, మందులు వేరు. కాబట్టి స్పానర్ తీసే ముందు కాలు ఏం చెబుతోందో వినాలి. బ్రేకు లోపల రాసుకుని చక్రాన్ని ఆపే ముక్కల్ని షూలంటారు. "షూలు మార్చేయండి" అనేది మెకానిక్‌కి సులువైన మాట, మనకి ఖర్చున్న మాట. చాలాసార్లు షూలకీ జబ్బుకీ సంబంధమే ఉండదు.

నాది డ్రమ్ బ్రేక్. ఈ కొండల్లో తిరిగే వంద, నూట ఇరవై అయిదు సీసీ బళ్లలో ఎక్కువ శాతానికి వెనక ఉండేది ఇదే. దీని పని చాలా సాదాగా ఉంటుంది. చక్రం మధ్యలో గుండ్రటి డొల్ల డ్రమ్ము. లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు. అవి ఒక చివర పిన్నుకి ఆనుకుని ఉంటాయి, రెండో చివర వాటి మధ్యలో క్యామ్ అనే చిన్న ఇనప ముక్క ఉంటుంది, రెండు పక్కలా చదునుగా. పెడల్ తొక్కితే రాడ్డు లాగుతుంది, రాడ్డు బయటున్న ఆర్మ్‌ని లాగుతుంది, ఆర్మ్ క్యామ్‌ని తిప్పుతుంది. అగ్గిపెట్టెని అడ్డంగా ఉన్నదాన్ని నిలువుగా తిప్పితే ఎత్తు పెరుగుతుంది కదా, అలాగే క్యామ్ తిరిగి షూల్ని ఎడంగా నెడుతుంది. షూలు డ్రమ్ము లోపలి గోడకి రాసుకుంటాయి. అంతే.

షూ అరిగేకొద్దీ గోడకీ దానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికే రాడ్డు చివర నట్టు పెట్టారు. మామూలుగా పెడల్ ఒక అంగుళం మేర ఖాళీగా కదిలి, ఆ తర్వాత పట్టుకోవాలి. చాలా బళ్ల పుస్తకాల్లో ఇది 20 నుంచి 30 మిల్లీమీటర్లని ఉంటుంది. ఖాళీ పెరిగితే నట్టు బిగిస్తాం, బ్రేక్ మళ్లీ దగ్గరికి వస్తుంది. ఇందులో మోసం ఎక్కడుందంటే, నట్టు బిగించినప్పుడల్లా అరిగిపోయిన షూ తిరిగి రాదు, క్యామ్ ఉన్న చోటు మాత్రం మారుతుంది. తొక్కకముందే అది సగం తిరిగి కూర్చుంటుంది. అగ్గిపెట్టె ఇప్పటికే నిలువుగా నిలబడి ఉంటే ఇంకా ఎంత తిప్పినా ఎత్తు పెరగదు కదా. అదీగాక ఆర్మ్‌కీ రాడ్డుకీ మధ్య కోణం బ్రేక్ పట్టే సమయంలో 90 డిగ్రీల దగ్గర ఉంటేనే కాలి బలం పూర్తిగా లోపలికి చేరుతుంది. అది దాటితే తొక్కుడు ఎక్కువ, పట్టు తక్కువ.

సుంకిలో టీ కొట్టు దగ్గర కూర్చుని చూస్తే నా బండిలో నట్టు రాడ్డు మీది మర చివరికి వచ్చేసి ఉంది. ఇంకో చుట్టు తిప్పే చోటు లేదు. ఆర్మ్ పక్కన చిన్న బాణం గుర్తు ఒకటి ఉంటుంది, బ్రేక్ పూర్తిగా తొక్కి పట్టుకుని చూస్తే అది డ్రమ్ముని మూసే ప్లేటు మీదున్న గీతని చేరకూడదు. చేరిందంటే షూలు అయిపోయినట్టు. నా బండిలో బాణం గీతని దాటి ముందుకెళ్లిపోయింది. కంపెనీ వాడు డ్రమ్ము విప్పకుండానే తెలిసేలా ఆ గుర్తు పెట్టాడు. ఎనిమిదేళ్లుగా ఆ బండి తోలుతూ నేను దాన్ని ఒక్కసారీ చూడలేదు.

మరి నాలుగు రోజులు ఊళ్లో పట్టిన బ్రేక్ ఘాట్‌లోనే ఎందుకు పోయింది? ఇక్కడే బియ్యం బస్తా వాటా. కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది. సాలూరు 120 మీటర్ల దరిదాపు. అంటే ఏడు వందల మీటర్లకి పైగా దిగాలి. బండి, ఇద్దరు మనుషులు, బస్తా కలిపి 290 కిలోలు అనుకుందాం. అంత బరువు 700 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 20 లక్షల జౌల్స్. దాదాపు ఆరు లీటర్ల చల్లటి నీళ్లని మరిగించడానికి సరిపోయే వేడి అది. అందులో కొంత గాలికి పోతుంది, కొంత టైర్లకి పోతుంది, గేరులో దిగితే పెద్ద వాటా ఇంజిన్ మింగుతుంది. మిగిలిందంతా బ్రేకులే మింగాలి. వేడెక్కిన ఇనుము వ్యాకోచిస్తుంది. డ్రమ్ము వేడికి బయటికి పెరుగుతుంది, అంటే గోడ షూకి దూరంగా జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న బ్రేకుకి ఆ జరుగుడు లెక్కే కాదు. క్యామ్ ఇంక తిరగలేని స్థితిలో ఉన్నదానికి అదే ఆఖరి దెబ్బ. అందుకే సిమిలిగుడ బజార్లో పట్టిన బ్రేక్ సుంకి మలుపులో పట్టలేదు. ఓ అరగంట చల్లారాక కొంచెం పట్టింది కూడా. ఆ "కొంచెం"ని నమ్ముకుని మిగతా ఘాట్ దిగేవాళ్లు చాలామంది. నేను మా ఆవిణ్ణీ బియ్యాన్నీ బస్సెక్కించి, ఒకటో గేరులో ఒక్కణ్ణే దిగాను.

షూ మీద అతికిన లైనింగ్ మందం సాధారణంగా 2 మిల్లీమీటర్ల లోపుకి వస్తే మార్చాల్సిందే. కొత్త షూలు వేశాక కూడా నట్టు చాలా లోపలికి బిగించాల్సి వస్తోందంటే, ఇక డ్రమ్మునే అనుమానించాలి. డ్రమ్ము లోపల ఎంతవరకు అరగవచ్చో అంకె పోసి ఉంటుంది. 130 మిల్లీమీటర్ల డ్రమ్మైతే మామూలుగా 131 అని. ఒక్క మిల్లీమీటరే తేడా, కానీ అది దాటితే ఎన్ని షూలు మార్చినా డబ్బు దండగ.

పెడల్ ఖాళీగా పోవడానికి షూ అరుగుదల కాని కారణాలు మరి కొన్ని ఉన్నాయి, వాటికి పైసా ఖర్చవదు, కళ్లుంటే చాలు. బండి పక్కన కూర్చుని చేత్తో పెడల్ నొక్కుతూ ఒక్కొక్క ముక్కా కదులుతోందా అని వరసగా చూడాలి. పెడల్ కదిలి రాడ్డు కదలకపోతే పెడల్ దగ్గర పిన్ను జారిపోయింది. రాడ్డు కదిలి ఆర్మ్ కదలకపోతే వెనక పిన్నో నట్టో పోయింది. ఆర్మ్ కదిలి, దాని మధ్యలో కనిపించే క్యామ్ కొస మాత్రం తిరగకపోతే, ఆర్మ్‌ని బిగించే బోల్టు వదులైంది లేదా లోపలి పళ్లు అరిగిపోయాయి. ఈ చివరిది మహా మాయదారిది. బయటికి అన్నీ కదులుతుంటాయి, లోపల ఏమీ జరగదు. క్యామ్ కొస మీద సుద్దతో గీత గీసి చూస్తే ఒక్క నిమిషంలో బయటపడుతుంది.

ఇంకో రాడ్డుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బ్రేక్ ప్లేటుని, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కి కట్టిపడేసేది. చక్రంతో పాటు ప్లేటు తిరిగిపోకుండా ఆపేది అదే. పంక్చర్ వేయించినప్పుడు చక్రం విప్పుతారు, హడావుడిలో దీని నట్టు చేత్తో తిప్పి వదిలేస్తారు, స్ప్లిట్ పిన్ను పారేస్తారు. అది ఊడిందా, బ్రేక్ తొక్కగానే ప్లేటంతా చక్రంతో గిర్రున తిరిగి రాడ్డుని మెలిపెట్టేస్తుంది. అప్పుడు చక్రం బిగుసుకుపోతే మనం రోడ్డు మీద ఉంటాం. పంక్చర్ షాపు నుంచి కదిలే ముందు ఆ ఒక్క నట్టూ చేత్తో పట్టి చూసుకోండి.

రెండో జబ్బు, పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోవడం. దీనికి నట్టు బిగింపు అసలు మందే కాదు. షూ డ్రమ్ముని తాకుతోంది, కానీ జారిపోతోంది. నూనో గ్రీజో అంటి ఉండొచ్చు. క్యామ్‌కి గ్రీజు రాసేటప్పుడు "ఎక్కువ రాస్తే ఎక్కువ మంచిది" అనుకునే చేతులు ఎక్కువ, ఆ గ్రీజు వేడికి కరిగి షూ మీదకి దిగుతుంది. స్కూటర్లలోనైతే గేర్ ఆయిల్ సీలు పోయి లోపలికి కారుతుంది. నూనె పీల్చిన షూని ఇసుక కాగితంతో రుద్దినా, పెట్రోల్‌తో కడిగినా లాభం లేదు, రెండు రోజులు పట్టి మళ్లీ మొదటికొస్తుంది. మార్చడమే, దాంతో పాటు నూనె ఎక్కడిదో కూడా ఆపాలి. నూనె లేకుండా షూ పైభాగం గాజులా మెరుస్తూ ఉంటే అది వేడికి కాలి నున్నబడింది. దీనికి ఇసుక కాగితం పనికొస్తుంది. ఇక వర్షాల్లో వాగు దాటాక పట్టకపోతే లోపలికి నీళ్లు వెళ్లాయి. నెమ్మదిగా నడుపుతూ నాలుగైదు సార్లు తేలిగ్గా తొక్కితే ఆ రాపిడి వేడికే ఆరిపోతుంది. మన ఎర్రమట్టి మాత్రం ఆరిపోదు, లోపల పేస్టులా గడ్డకడుతుంది. వానాకాలం వెళ్లాక ఒకసారి డ్రమ్ము తెరిపించడం ఇక్కడి రోడ్ల మీద తిరిగేవాళ్లకి తప్పదు. తెరిచినప్పుడు ఆ నల్లటి పొడిని నోటితో ఊదకండి, పాత రకం షూల్లో ఆస్‌బెస్టాస్ కూడా ఉండేది. తడి గుడ్డతో తుడవాలి.

కొత్త షూలు వేసిన మొదటి రోజే "ముందుకంటే అధ్వానంగా ఉంది" అని మెకానిక్‌తో పోట్లాడేవాళ్లని చూశాను. అది జబ్బు కాదు. కొత్త షూ వంపు, అరిగిన డ్రమ్ము వంపు కచ్చితంగా కలవవు, మధ్యలో కొంత భాగమే తాకుతుంది. రాసుకుని రాసుకుని కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఘాట్ ఎక్కకపోతే చాలు.

మూడో జబ్బు, మెత్తగా దిగే పెడల్. ఇది డిస్క్ బ్రేక్ వాళ్ల కథ. మా మేనల్లుడు పోయినేడాది నూట అరవై సీసీ బండి కొన్నాడు, వెనక కూడా డిస్కే. సునాబెడ నుంచి వస్తూ ఫోన్ చేశాడు, "మావయ్యా, బ్రేక్ కొబ్బరి చిప్పలో గుజ్జులా ఉంది" అని. మంచి వర్ణన. అక్కడ కాలి బలాన్ని మోసేది రాడ్డు కాదు, పైపులో ఉన్న ద్రవం. ద్రవం నొక్కితే నలగదు, అందుకే తొక్కినదంతా అవతల చక్రం పక్కనున్న డిస్క్ పళ్లేన్ని నొక్కి పట్టే ప్యాడ్లకి చేరుతుంది. ఆ పైపులో చిన్న గాలి బుడగ చేరితే, గాలి నలుగుతుంది కాబట్టి మన తొక్కుడంతా బుడగని నలపడానికే సరిపోతుంది. రెండు మూడు సార్లు గబగబా కొడితే పెడల్ గట్టిపడుతోందంటే గాలి చేరినట్టే. అలా కాకుండా, గట్టిగా తొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా దిగిపోతోందా? ఎక్కడో కారుతోంది. బయట తడి కనిపిస్తే సరే, కనిపించకపోతే పెడల్ దగ్గరున్న మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు పోయింది, ద్రవం లోపల్లోపలే వెనక్కి జారుకుంటోంది.

గాలి తీయడం కష్టమైన పనేమీ కాదు, ఓపిక పని. ఇద్దరుండాలి. ఒకరు పెడల్ కొట్టి పట్టుకోవాలి, ఇంకొకరు ప్యాడ్లుండే క్యాలిపర్ మీది నిపుల్‌ని కొంచెం వదులు చేసి, ద్రవం బుడగలతో వచ్చాక బిగించాలి. బిగించాకే మొదటివాళ్లు కాలు తియ్యాలి. ముందే తీస్తే బయటి గాలిని లోపలికి పీల్చినట్టే, మొదటి నుంచి మళ్లీ చెయ్యాలి. మధ్యలో డబ్బాలో ద్రవం అడుగంటకూడదు. ఆ ద్రవం పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యాలి, లేకపోతే రంగు తినేస్తుంది. డబ్బాలో మట్టం తగ్గిందని మూత తీసి పోసేయడం కూడా తొందరపాటే. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దానంతటదే తగ్గుతుంది. ముందు ప్యాడ్లు చూడాలి.

మేనల్లుడి బండిలో గాలి తీశాం, మూడు వారాలు బాగానే ఉంది. మళ్లీ అదే సుంకి ఘాట్‌లో, అదే గుజ్జు. ఈసారి పెట్రోల్ బంకు దగ్గర ఆగి పావుగంట కబుర్లు చెప్పుకుని వచ్చేసరికి బ్రేక్ మామూలైపోయింది. నాలుగో జబ్బు ఇదే. ఇది కారడం కాదు, మరగడం. బ్రేక్ ద్రవానికి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు పట్టిన ద్రవానికి ఆ హద్దు 155 డిగ్రీలు. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. రెండేళ్లకోసారి మార్చమని చెప్పేది ఇందుకే. ఘాట్‌లో డిస్క్ వేడి క్యాలిపర్‌లోకి ఎక్కితే పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి జబ్బు మాయం. "ఏమీ లేదు సార్, బాగానే ఉంది" అని పంపేస్తాడు.

కానీ వాడి బండికి ఏడాదే అయింది, ద్రవం పాతది కాదు. మరి అంత వేడి ఎక్కడిది? సిమిలిగుడలో సాలూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్ద మేస్త్రి ఉన్నాడు, ఒకప్పుడు లారీల దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆయన బండి ముట్టుకోలేదు. "ఓసారి తోలుతూ ఇటు రా బాబూ" అన్నాడు. వాడు వీధి చివరిదాకా వెళ్లి వచ్చేలోపే చెప్పేశాడు, వెనక ఎర్ర లైటు ఆరడం లేదని. కుర్రాడు కుడికాలు పెడల్ మీదే ఆన్చి తోలుతున్నాడు, తనకే తెలియకుండా. ఆ తర్వాత వంగి పెడల్‌ని చేత్తో కదిపి, "ఇది ఎవరు బిగించారు?" అన్నాడు. పెడల్‌కి ఖాళీ కదలికే లేదు. వీడే, బ్రేక్ "టైట్‌గా" ఉండాలని పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే పుష్ రాడ్డు పొడవు పెంచాడట, వీడియో చూసి.

డిస్క్ బ్రేక్‌లో ఆ ఖాళీ కదలిక ఊరికే పెట్టింది కాదు. కాలు తీసినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో ఒక సన్నటి రంధ్రం తెరుచుకుని, వేడికి పెరిగిన ద్రవాన్ని డబ్బాలోకి వెనక్కి పోనిస్తుంది. రాడ్డు ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంటే ఆ రంధ్రం మూసుకుపోయే ఉంటుంది. పెరిగిన ద్రవానికి దారి లేదు, అది ప్యాడ్లనే నెడుతుంది. ప్యాడ్లు రాసుకుంటే ఇంకా వేడి, ఇంకా వేడికి ద్రవం ఇంకా పెరుగుడు. చివరికి మరుగుతుంది. టైట్ చేయించుకున్న బ్రేకే కొంపముంచింది. డ్రమ్ముకైనా ఇదే వర్తిస్తుంది, చైన్ బిగించినప్పుడు చక్రం వెనక్కి జరిగి బ్రేక్ రాడ్డు దానంతటదే బిగుసుకుంటుంది. చైన్ పని అయ్యాక బ్రేక్ నట్టు కూడా సరిచూడకపోతే షూ రాసుకుంటూనే తిరుగుతుంది. బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. పది కిలోమీటర్లు తోలి డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే, బ్రేకే వాడకపోయినా కాలుతోందంటే రాసుకుంటోందని అర్థం. వేడెక్కినదాని మీద బాటిల్ నీళ్లు మాత్రం పొయ్యకండి. ఇనుము వంకరపోతుంది, ఆవిరి చేతికి కొడుతుంది.

2019 ఏప్రిల్ 1 తర్వాత అమ్మిన 125 సీసీ లోపు బళ్లకి ఇంకో చిక్కుంది. వాటికి కాంబి బ్రేకో, చక్రం బిగుసుకోకుండా ఆపే ఏబీఎస్సో తప్పనిసరి అయింది. కాంబి బ్రేక్ ఉన్నవాటిలో కాలి పెడల్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది. ముందు వైపు వెళ్లే కేబుల్ వదులైతే తొక్కినదాంట్లో కొంత ఆ వదులు పూడ్చడానికే పోతుంది, మనకేమో వెనక బ్రేక్ పోయిందనిపిస్తుంది. ఇలాంటి బండిలో వెనక నట్టొక్కటే తిప్పి పంపేవాణ్ణి నమ్మొద్దు.

ఆ పెద్ద మేస్త్రి మేనల్లుడికి పుష్ రాడ్డు సరిచేసి, ద్రవం మార్చి, లారీ డ్రైవర్ల మాట ఒకటి చెప్పాడు: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో ఘాట్ దిగే కుర్రాళ్లు ఈ రోడ్డు మీద రోజూ కనిపిస్తారు. ఇంజిన్ మింగాల్సిన వేడంతా వాళ్లు బ్రేకుల మీద పోస్తున్నారు. దిగుడులో బరువు ముందుకి వాలిపోతుంది కాబట్టి వెనక చక్రం తేలికవుతుంది, గట్టిగా తొక్కితే జర్రున జారుతుంది కూడా. వెనక బ్రేకుతో ఘాట్‌లో చేయాల్సింది వేగాన్ని సర్దుకోవడమే. తొక్కి, వదిలి, చల్లారనిచ్చి, మళ్లీ తొక్కాలి.

నా బండికి షూలు మార్పించాను, క్యామ్ విప్పి తుప్పు తుడిచి గోరంత గ్రీజు రాయించాను, ఆర్మ్‌ని గుర్తుకి గుర్తు కలిపి బిగించారు. నట్టు ఇప్పుడు మర మొదట్లో ఉంది. ట్యాంకు పక్కన స్కెచ్ పెన్నుతో తేదీ రాసుకున్నాను. మొన్న కడిగితే అది పోయింది, మళ్లీ రాయాలి.